యూకాన్‌కి ఆర్వీనా, కారూ టెంటూనా?

కెనడాలోని యూకాన్‌లో, వైట్‌హార్స్ నుంచి స్నేహితుడితో ఉత్తరానికి బయల్దేరితే మొదటి తగువు ఇదే: ఇల్లులాంటి బండి ఆర్వీలో పోవాలా, కారూ టెంటుతోనా.

ఖర్చు: ఆర్వీకి అద్దె ఎక్కువ, పెట్రోలు కారుకి రెట్టింపు. కారు చవకే, కానీ వాన పట్టుకుంటే రెండో రాత్రికే మోటెల్ వెతుకుతారు.

శ్రమ: ఆర్వీలో వంట, పడక, బాత్రూం వెంటే ఉంటాయి. మురుగు ట్యాంకు ఖాళీ చేసేదెవరో ముందే తేల్చుకోండి, స్నేహాలు బీటలు వారేది అక్కడే. టెంటుకైతే రోజూ వేయడం, తీయడం, పైగా దోమలు.

ఎలుగుబంట్లు: ఆర్వీలో తలుపేసుకుంటే నిద్ర పడుతుంది. టెంటులో ఆవకాయ కాదు కదా, టూత్‌పేస్ట్ కూడా ఉంచకూడదు. వాసనొచ్చేవన్నీ కారులో పెట్టి తాళం వేయాలి.

రోడ్డు: అసలు తేడా ఇక్కడే. 1942లో వేసిన అలాస్కా హైవే ఇప్పుడు తారురోడ్డే. డెంప్‌స్టర్ హైవే అలా కాదు. ఉత్తరాన ఇనూవిక్ ఊరి దాకా 700 కిలోమీటర్లకు పైగా, దాదాపు అంతా కంకరే. వానకు బురద, ఎండకు టైర్లు చీల్చే పదునైన రాళ్లు. దారిలో మొదటి పెట్రోలు బంకు దాదాపు 370 కిలోమీటర్ల తర్వాత, ఈగిల్ ప్లెయిన్స్‌లో. చాలా అద్దె కంపెనీలు ఆర్వీని అటు పోనివ్వవు.

అలాస్కా హైవే వరకే అయితే ఆర్వీ. డెంప్‌స్టర్ ఎక్కాలంటే కంకర రోడ్డుకి అనుమతి ఉన్న ఎత్తైన బండి, టెంటు, రెండు స్టెప్నీలు.