ఫోర్ట్ వర్త్‌లో ఒక రాత్రి, ఒంగోలు మూపురం

డాలస్ ప్రాంతంలో ఉండే మనవాళ్లు ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను ఫోర్ట్ వర్త్‌కు తీసుకువెళ్లేది సాధారణంగా ఒక్క పూటకే. పదకొండున్నరకు పశువుల మంద నడిచి వెళ్లడం చూస్తారు, నాలుగు ఫొటోలు తీసుకుంటారు, భోజనం వేళకు ఇర్వింగ్‌కో ఫ్రిస్కోకో తిరుగుముఖం పడతారు. నేనూ రెండుసార్లు అలాగే చూసి వచ్చాను. ఈసారి నాన్న వచ్చారని శుక్రవారం వెళ్లి ఒక రాత్రి అక్కడే ఉన్నాం. పశువులతో పెరిగిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే మాత్రం ఒక్క పూటతో సరిపెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

నాన్నది ప్రకాశం జిల్లా. ట్రాక్టరు వచ్చేదాకా మా ఇంట్లో ఒంగోలు గిత్తల జత ఉండేది. అమెరికా వచ్చి నెల రోజులైనా ఆయన దేన్నీ అంత ఇష్టంగా చూడలేదు. ఊళ్లోని పాత పశువుల సంత ప్రాంతం, స్టాక్‌యార్డ్స్‌లో అడుగు పెట్టగానే పేడ వాసన తగిలింది. ఆయన ముఖం విప్పారింది.

1849లో ట్రినిటీ నది గట్టు మీద సైనిక స్థావరంగా మొదలైన ఊరు ఇది. అంతర్యుద్ధం ముగిశాక టెక్సాస్ రైతులు పశువులను కాన్సాస్ రైలు స్టేషన్ల దాకా తోలుకుపోయేవారు. ఆ దారిలో తిండిగింజలు, సరుకులు నింపుకునే పెద్ద మజిలీ ఫోర్ట్ వర్త్. 1866 నుంచి 1890 వరకు నలభై లక్షలకు పైగా పశువులు ఇలా వెళ్లాయని లెక్క. 1876లో రైలు ఇక్కడికే వచ్చింది. 1900ల తొలి ఏళ్లలో స్విఫ్ట్, ఆర్మర్ కంపెనీలు మాంసం కర్మాగారాలు పెట్టాయి. దాంతో మజిలీ కాస్తా పెద్ద సంత అయింది. తర్వాత లారీలు వచ్చి, పశువుల వేలం పల్లెలకు దగ్గరగా జరగడం మొదలయ్యాక ఆ సంత తగ్గిపోయింది. ఊరు మాత్రం పెరుగుతూనే ఉంది. 2020 జనాభా లెక్కల్లో 9,18,915 మంది. అయినా అందరూ దాన్ని ఇప్పటికీ కౌటౌన్, అంటే పశువుల ఊరు, అనే పిలుచుకుంటారు.

మంద నడక రోజుకు రెండుసార్లు, ఉదయం 11:30కు, సాయంత్రం 4 గంటలకు, ఈస్ట్ ఎక్స్ఛేంజ్ అవెన్యూ మీద ఉంటుంది. టికెట్ లేదు. 1999 నుంచి నడుస్తోంది. మంద పరుగెత్తుకుంటూ వస్తుందని అనుకునేవారు నిరాశపడతారు. ఇటుకల రోడ్డు మీద గిట్టలు టకటకమంటూ, మేత నుంచి ఇంటికి వచ్చే పశువుల్లా తీరిగ్గా నడుస్తాయి. కొన్నింటి కొమ్ములు ఈ కొన నుంచి ఆ కొనకు ఆరడుగులు దాటుతాయి. పక్కదానికి తగలకుండా తల ఓరగా తిప్పి నడిచే నేర్పును దగ్గరగా చూడాలి. పక్కన ఎవరో తెలుగువాళ్లు పిల్లలకు “ఆవులు, ఆవులు” అని చూపిస్తుంటే నాన్న ఆగలేకపోయారు. “ఆవులు కావమ్మా, ఎద్దులు. అన్నీ కొట్టించినవే. లేకపోతే ఇంత మంది మధ్య ఇంత నెమ్మదిగా నడుస్తాయా?” అన్నారు. ఆయన చెప్పింది నిజమే, అన్నీ బీజం తీయించిన ఎద్దులే. రోడ్డు మధ్య భాగం కంటే లైవ్‌స్టాక్ ఎక్స్ఛేంజ్ భవనం ముందున్న పచ్చిక దగ్గర నిలబడితే బాగా కనిపిస్తుంది. ఇరవై నిమిషాల ముందే వెళ్లండి.

భోజనం విషయంలో శాకాహారులు జాగ్రత్తగా ఉండాలి. మేము వెళ్లిన ఒక చోట మాంసం లేదని చెప్పి చిక్కుడు గింజల కూర తెచ్చిపెట్టారు. అందులో పంది మాంసం ముక్కలు తేలుతున్నాయి. ఇక్కడ గింజలను కొవ్వుతోనో మాంసంతోనో ఉడికించడం మామూలు. వంటలో ఏం వేశారో విడిగా అడగాలి. మర్నాటికి ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోరే మమ్మల్ని ఆదుకుంది.

బస గురించి. స్టాక్‌యార్డ్స్ నడిమధ్యన 1907 నాటి స్టాక్‌యార్డ్స్ హోటల్ ఉంది, 2021లో తెరిచిన హోటల్ డ్రోవర్ ఉంది. రెండూ ఖరీదే. మేము కొంచెం అవతల ఒక మామూలు హోటల్లో దిగాం. గది శుభ్రంగా ఉంది. అయితే కారు నిలిపినందుకు, సదుపాయాల పేరుతో ఇంకొంత, బుక్ చేసినప్పుడు చూపించని డబ్బు బిల్లులో కలిపారు. మొత్తం ఎంతో ముందే అడిగి రాయించుకోండి. వీధి వైపు గది తీసుకోవద్దు, అర్ధరాత్రి దాకా పాటలు వినిపిస్తాయి.

మధ్యాహ్నం మ్యూజియంల వైపు వెళ్లాం. అహ్మదాబాద్ ఐఐఎం కట్టిన లూయీ కాన్ గీసిన కట్టడమే ఇక్కడి కింబెల్ మ్యూజియం, 1972లో తెరిచారు. పొడవాటి కమాను కప్పుల నడినెత్తిన సన్నని చీలిక, అందులోంచి దిగిన ఎండ కాంక్రీటు మీద వెండి వెలుగులా పరచుకుంటుంది. శాశ్వత ప్రదర్శనకు టికెట్ లేదు, సోమవారం సెలవు. దగ్గర్లోని ఏమన్ కార్టర్ మ్యూజియం కూడా ఉచితమే. అక్కడ రెమింగ్టన్, రస్సెల్ గీసిన పశుకాపరుల చిత్రాలున్నాయి. డౌన్‌టౌన్‌లోని వాటర్ గార్డెన్స్ కారులోంచి చూసి వచ్చేశాం.

ఇక రాత్రి రోడియో, అంటే పశుకాపరుల పోటీలు. 1908లో కట్టిన కౌటౌన్ కొలీసియంలో శుక్ర, శని రాత్రులు జరుగుతుంది. దూడను తాడు విసిరి పడవేసే పోటీ నాన్నకు నచ్చలేదు, నాకూ నచ్చలేదు. తర్వాత ఎనిమిది సెకన్లపాటు ఎద్దు మీద నిలవాల్సిన పోటీ. గేటు తెరుచుకుని మొదటి ఎద్దు ఎగిరి దూకింది. నాన్న నా చెయ్యి పట్టుకున్నారు. “మూపురం చూడమ్మా. ఆ గంగడోలు చూడు. ఇది మన పశువు!”

ఆయన పొరబడలేదు. 19వ శతాబ్దం నుంచి 1920ల దాకా మన దేశపు గిర్, కాంక్రేజ్, నెల్లూరు జాతుల పశువులు నేరుగానూ బ్రెజిల్ మీదుగానూ అమెరికా చేరాయి. ఎండకు, గోమార్లకు తట్టుకుంటాయని టెక్సాస్ దక్షిణాన రైతులు వాటిని ఇష్టపడ్డారు. అలా పుట్టిందే అమెరికన్ బ్రాహ్మన్ జాతి. రోడియోలో దూకే ఎద్దుల్లో చాలావాటికి ఆ రక్తం ఉంటుంది. నెల్లూరు జాతి అని పిలిచింది మన ఒంగోలు పశువునే. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఇదంతా ఫోన్లో చదివి వినిపిస్తుంటే నాన్న సగం విన్నారు, సగం వినలేదు. కళ్లు మైదానం మీదే ఉన్నాయి.

కారు లేనివారికి డాలస్-ఫోర్ట్ వర్త్ (డీఎఫ్‌డబ్ల్యూ) విమానాశ్రయం నుంచి టెక్స్‌రైల్ అనే రైలు నేరుగా వస్తుంది. నార్త్ సైడ్ స్టేషన్‌లో దిగాక పెద్దవాళ్లతో అయితే టాక్సీ తప్పదు. డాలస్ నుంచి వచ్చే టీఆర్ఈ రైలు ఆదివారం నడవదు.

శనివారం పొద్దున, జనం రాకముందే, ఎక్స్ఛేంజ్ భవనం వెనక దొడ్ల దగ్గరకు వెళ్లాం. ఎద్దులు పడుకుని నెమరువేస్తున్నాయి. నాన్న కంచె మీద మోచేతులు ఆనించి, ఇంట్లో గిత్తలను పిలిచినట్టే నాలుకతో చప్పుడు చేశారు. గోధుమరంగు ఎద్దు ఒకటి నెమరు ఆపి, ఆ పెద్ద కొమ్ములతో సహా తల ఇటు తిప్పింది.