ఇగ్వానా కోసం వెళ్లిన దుకాణం: పోషణ బాగుంది, పత్రాలు లేవు

మా అబ్బాయి రెండేళ్లుగా అడుగుతున్న ఆకుపచ్చ ఇగ్వానా కోసం గత నెల హైదరాబాద్‌లోని ఒక ఎక్సోటిక్ పెట్ షాపుకు వెళ్లాము. సరీసృపాలను చూసుకునే తీరులో ఆ దుకాణాన్ని మెచ్చుకోవలసిందే. ప్రతి గాజుపెట్టెలోనూ ఒక మూల వెచ్చగా, మరో మూల చల్లగా ఉండేలా దీపాలు అమర్చారు. యూవీబీ కాంతి (ఎండలో ఉండే ఒక రకం అతినీలలోహిత కిరణాలు) అందకపోతే ఇగ్వానా ఎముకలు మెత్తబడి వంగిపోతాయని, అందువల్ల బల్బు వెలుగుతూనే ఉన్నా ఆరు నెలలకో ఏడాదికో మార్చాలని అక్కడి కుర్రాడు ఓపికగా వివరించాడు. అరచేతిలో ఇమిడే ఆ పిల్ల తోకతో కలిపి అయిదారు అడుగులు పెరుగుతుందన్న సంగతి కూడా దాచలేదు.

పత్రాలు అడిగినప్పుడు మాత్రం యజమాని, "ఇది మన దేశపు జంతువు కాదు సార్, ఫారెస్టు వాళ్లకు దీనితో పనిలేదు" అన్నారు. ఒకప్పుడు ఆ మాటలో కొంత నిజం ఉండేది. అయితే 2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి, సైటీస్ (అంతరించే ముప్పున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) పరిధిలోని జాతులను నాలుగో షెడ్యూల్‌లో చేర్చారు. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉంది. ఇగ్వానా, బాల్ పైథాన్, ఆఫ్రికన్ గ్రే చిలుక దాని కిందకే వస్తాయి. బడ్జీలు, కాక్‌టీల్స్ వంటి పెంపుడు చిలుకలు ఆ జాబితాలో లేవు కాబట్టి వాటిని కొనేవారికి ఈ నమోదు బాధ లేదు. 2024లో వచ్చిన నియమాల ప్రకారం, ఇటువంటి జంతువు చేతికి వచ్చిన 30 రోజుల్లోగా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్ ద్వారా రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు దరఖాస్తు చేసి నమోదు చేయించుకోవాలి. అది ఎక్కడ పుట్టిందో, ఎవరి నుంచి వచ్చిందో తెలిపే కాగితం అమ్మినవారే ఇవ్వకపోతే కొన్నవారు ఆ దరఖాస్తులో ఏమి రాయగలరు? దుకాణం వారు ఇస్తామన్నది "పెట్ - 1" అని చేత్తో రాసిన రసీదు మాత్రమే. అందులో జాతి పేరైనా లేదు. 2018 నాటి పెట్ షాపు నియమాల ప్రకారం దుకాణానికి ఉండవలసిన రాష్ట్ర జంతు సంక్షేమ మండలి నమోదు పత్రాన్ని కూడా అడిగినా చూపలేదు.

అన్నిటికంటే బాధ కలిగించినది లోపలి గదిలోని ప్లాస్టిక్ తొట్టి. అందులో నాలుగు నక్షత్ర తాబేళ్లున్నాయి. "ఇంట్లో పెట్టుకుంటే కలిసొస్తుంది, చాలామంది తీసుకెళ్తున్నారు" అని మా ఆవిడకు చెప్పారు. అవి మన రాయలసీమ పొదల్లోనూ తిరిగే స్వదేశీ జీవులు, ఇప్పుడు అదే చట్టంలో అత్యధిక రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూల్‌లో ఉన్నవి. వాటిని కొని తెచ్చుకుని ఆపై నమోదు చేయించుకునే దారి అసలు లేదు. దొరికితే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, 25,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. నమ్మకంతో కొన్న కుటుంబానికి ఆ ముక్క ఎవరు చెబుతారన్నదే నా ఆవేదన.

పోషణకు అయిదులో నాలుగు, అమ్మకంలో నిజాయితీకి సున్నా ఇస్తున్నాను. జాతి పేరుతో బిల్లు, జంతువు మూలం తెలిపే పత్రం సిద్ధం చేస్తేనే ఇగ్వానా సంగతి మాట్లాడదామని యజమానికి చెప్పి వచ్చేశాము. తాబేళ్ల విషయం ఆ సాయంత్రమే అటవీ శాఖకు తెలియజేశాను.