పిల్లలతో క్యాంపింగ్: చోటు, టెంటు, అద్దె పడవ ఎలా ఎంచుకోవాలి?

క్యాంప్ సైటు ఎంచుకునేటప్పుడు అందరూ ఫొటోలు చూస్తారు. చూడాల్సింది మ్యాపు. నడకదారి, ఏరు, సైకిలు బాట టెంటు దగ్గర్నుంచే మొదలవుతున్నాయా, లేక ఒక్కోదానికీ కారెక్కాలా? పిల్లల్ని రెండుసార్లు కారెక్కించి దించేసరికే పూటంతా అయిపోతుంది. అందుకే సాదాసీదా మైదానమైనా సరే, అన్నీ నడిచి వెళ్లేంత దూరంలో ఉంటే దానికే నా ఓటు.

నీటి ఒడ్డు కంటికి ఇంపే గానీ పడకకు పనికిరాదు. రాత్రి చల్లగాలి పల్లానికే దిగుతుంది, దానికి ఏటి తేమ తోడై తెల్లారేసరికి టెంటు లోపలంతా చెమ్మే. ఎగువన వాన కురిస్తే ఇక్కడ చినుకు పడకపోయినా వాగు పొంగుతుంది. నీటికి కనీసం 60 మీటర్ల ఎడంగా, కాస్త మెరక చూసుకోండి. చెట్టు కిందైతే పైన ఎండిన కొమ్మలు లేవని తలెత్తి చూశాకే మేకులు కొట్టండి.

‘నలుగురికి’ అని రాసి ఉన్న టెంటులో నాలుగు పరుపులు ఆనించి పరిస్తే ఇక సంచులకు చోటుండదు. నలుగురుంటే ఆరుగురి టెంటు తీసుకోవాలి. ఒక్క రాత్రికే అయితే నిర్వాహకులు వేసి ఉంచే టెంటు నయం, సాయంత్రం ఒక గంట మిగులుతుంది. కానీ పరుపు ఎలాంటిదో ముందే అడగండి. మామూలు గాలి పరుపు ఎంత మందంగా ఉన్నా, లోపలి గాలి కదులుతూ ఒంటి వేడిని నేలకు చేరవేస్తుంది. అలాంటి పరుపు మీద ఎన్ని దుప్పట్లు కప్పినా వీపు చల్లగానే ఉంటుంది. కింద నురుగు చాప ఒకటి పరిస్తే చాలావరకు తగ్గుతుంది.

రోజుకి పెద్ద కార్యక్రమం ఒక్కటే పెట్టుకోండి. అది పడవైతే పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి సాధారణంగా గాలి లేస్తుంది. వెళ్లేటప్పుడు గాలికి ఎదురుగా తెడ్డు వేస్తే, అలసిపోయి తిరిగొచ్చేటప్పుడు అదే గాలి సాయపడుతుంది.

కయాక్‌లు (తెడ్డుతో నడిపే సన్నటి పడవలు) అద్దెకిచ్చేవాళ్లు ఎలాంటివాళ్లో తెలియడానికి ఒక్క సంగతి చాలు: లైఫ్ జాకెట్ ఇచ్చేముందు పిల్లల బరువు అడిగారా, లేదా? కుప్పలోంచి చేతికందింది తీసి ఇస్తే అక్కడ పడవెక్కకండి. జాకెట్ మీద 50 (తేల్చే బలం, న్యూటన్లలో) అని ఉంటే అది ఈత వచ్చినవాళ్లకు ఆసరా మాత్రమే, నీళ్లలో ముఖాన్ని పైకి తిప్పదు. పిల్లలకు 100 న్యూటన్లది, మెడపట్టీ, కాళ్ల మధ్య పట్టీ ఉన్నది కావాలి. పట్టీలన్నీ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. జాకెట్ చెవుల దాకా జారి వచ్చిందంటే నీళ్లలో పిల్లాడు దాంట్లోంచి జారిపోతాడని అర్థం.

నడకే పెద్ద కార్యక్రమమైతే 1892లో స్కాట్లాండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ చెప్పిన లెక్క పనికొస్తుంది. ఇప్పటి కొలతల్లో 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అది గట్టి కాళ్లున్న పెద్దవాళ్ల లెక్క, చిన్నపిల్లలుంటే రెట్టింపు వేసుకోవాలి. అంటే 6 కిలోమీటర్ల దారిలో 300 మీటర్ల ఎక్కుడుంటే సుమారు మూడున్నర గంటలు. పైగా తిండికి, చీమల బారు చూడటానికి ఆగేది వేరే! మడమ చురుక్కుమంటోందని పిల్లలు అనగానే ఆగి టేపు అంటించండి, బొబ్బ లేచాక చేయగలిగింది తక్కువ.

సాయంత్రానికి సైకిళ్లు బాగుంటాయి. అద్దె సైకిలు బ్రేకు నొక్కితే పిడికి తగిలేదాకా వస్తోందా? అయితే వేరేది అడగండి. హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన నిలవాలి.

ఉరుము వినబడితే నీళ్లలోంచి వెంటనే బయటికి రావాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాల దాకా మళ్లీ దిగకూడదు. టెంటు పిడుగు నుంచి కాపాడదు. తలుపులు, అద్దాలు మూసిన కారు కాపాడుతుంది. వాన పడుతోందని స్టవ్ టెంటులోకి తేవడం మాత్రం వద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. కుళాయి నీళ్లు తాగడానికి పనికొస్తాయో లేదో అడగండి. అనుమానముంటే తెర్లుతుండగా ఒక నిమిషం కాగనివ్వాలి, 2,000 మీటర్లకు పైన మూడు నిమిషాలు.

బుక్ చేసేముందు ఖాళీ చేసే వేళ కూడా కనుక్కోండి. టెంటు ఆరాలంటే ఎండ రావాలి. పొద్దున్నే పంపించేసే చోటైతే తడి టెంటుకు వేరే సంచి పట్టుకెళ్లి, ఇంటికి చేరిన రోజే పరిచి ఆరేయండి. లేకపోతే బూజు పట్టి, తర్వాత ఎంత తోమినా మరక పోదు.