“బెంగళూరు తాజా బీరు ఇంటికే” అంటే నమ్మి డబ్బు పంపకండి: అనంతపురం వారికి హెచ్చరిక

అనంతపురంలో ఉంటూ క్రాఫ్ట్ బీరు (పెద్ద ఫ్యాక్టరీల్లో కాకుండా చిన్న చోట్ల కొద్దికొద్దిగా తయారుచేసే బీరు) రుచి చూడాలని సరదా పడుతున్న వారికోసం ఇది రాస్తున్నాను. కొన్ని వారాలుగా ఫోన్లలో ఒక ప్రకటన తిరుగుతోంది. బెంగళూరు మైక్రోబ్రూవరీలో, అంటే బీరును అక్కడికక్కడే తయారుచేసి పోసే చిన్న చోట, ఉదయం పట్టిన బీరు సాయంత్రానికి మీ చేతికి, నాలుగు రకాలు, లీటరు సీసాల్లో. ఆ మాట నమ్మి నేను 2,900 రూపాయలు పోగొట్టుకున్నాను. డబ్బు సంగతి అలా ఉంచండి. ఆరుగురిని మిద్దె మీద కూర్చోబెట్టి, చేతులారా వాళ్ల గ్లాసుల్లో పులిసిన నీళ్లు పోశాను.

మా చిన్నాన్న కొడుకు, నాకు తమ్ముడు, జర్మనీలోని మ్యూనిక్‌లో మూడేళ్లు చదువుకుని ఏప్రిల్ మొదట్లో వచ్చాడు. అక్కడి గోధుమ బీరు గురించి ఫోనులో చెప్పి చెప్పి మా అందరికీ నోరూరించాడు. పులివెందుల దగ్గర అరటితోట ఉన్న మా బావకు మాత్రం అందులో ఒకే మాట పట్టుకుంది. ఆ బీరులో ఒక్క పండు వేయకుండానే అరటిపండు వాసన వస్తుందట. అది ఈస్టు (బీరును పులియబెట్టే సూక్ష్మజీవి) చేసే పని అని తమ్ముడు ఎంత చెప్పినా బావ ఒప్పుకోలేదు. “ముప్పై ఏళ్లుగా గెలలు కోయిస్తున్నాను. నా ముక్కుకు తగిలితే అప్పుడు చూద్దాం” అన్నాడు. ఒక గుక్క తనకూ కావాలని అక్క ముందే చెప్పి పెట్టింది. ఇంతమంది ఎదురుచూస్తుంటే ఆ ప్రకటన కంటపడింది. ఇంటికే వస్తుంటే బెంగళూరు దాకా ఎందుకు అనుకున్నాను.

ఆర్డరు తీసుకున్న మనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. సీసా 650, తెచ్చినందుకు 300, మొత్తం ముందే పంపాలన్నాడు. పంపాను. శనివారం సాయంత్రం తెస్తానన్నవాడు ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకు టవర్‌క్లాక్ దగ్గరికి రమ్మన్నాడు. ఏప్రిల్ ఎండ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు. బైకుకు వేలాడుతున్న సంచిలోంచి వార్తాపత్రికలో చుట్టిన నాలుగు ప్లాస్టిక్ సీసాలు తీసి ఇచ్చాడు. పట్టుకుంటే గోరువెచ్చగా ఉన్నాయి. “ఐసు ఇప్పుడే కరిగింది సార్, ఫ్రిజ్‌లో పెట్టేయండి” అన్నాడు. ఐసు కరిగితే కాగితం తడవాలి కదా. అది గరగరమంటూ ఎండిపోయి ఉంది. ఈ తెలివి నాకు ఇల్లు చేరాక వచ్చింది.

వెచ్చబడితే ఏమవుతుంది, మళ్లీ చల్లబరిస్తే సరిపోదా అని నేనూ అనుకున్నాను. సరిపోదు. దుకాణంలో దొరికే మామూలు సీసా బీరుకు సాధారణంగా నింపి మూత పెట్టాక దాదాపు 60 డిగ్రీల వేడి చూపించి, అందులోని సూక్ష్మజీవులను చంపుతారు. మైక్రోబ్రూవరీ బీరుకు సాధారణంగా ఆ పని చేయరు, చాలా రకాలను వడపోయరు కూడా. అందులో ఈస్టు ప్రాణంతో ఉంటుంది. నాలుగు డిగ్రీల దగ్గర ఉంచితే నిద్రపోతుంది. వేడి తగిలితే లేచి, మిగిలిన చక్కెరను తింటూ గ్యాసు వదులుతుంది. సీసా శుభ్రంగా లేకపోతే పులుపు పుట్టించే బాక్టీరియాకు అదే అదును. ఇదంతా తమ్ముడు పాఠంలా చెబుతుంటే మా పెదనాన్న ఒక్క మాటలో తేల్చేశారు. “ఈత కల్లు కదరా. పొద్దున దించింది పొద్దున్నే తాగాలి. బస్సెక్కించి ఊళ్లు తిప్పితే కల్లవుతుందా?”

సాయంత్రం మిద్దె కడిగి చాప పరిచాం. ఉడికించిన వేరుశనగ కాయలు (మా ఇంట్లో చెనక్కాయలు అంటేనే అర్థమవుతుంది), మిరపకాయ బజ్జీలు, ఒక రుచికీ ఇంకో రుచికీ మధ్య నోరు శుభ్రం చేసుకోవడానికి ఉప్పు లేని బొరుగులు పెట్టుకున్నాం. తమ్ముడు చిన్న గాజు గ్లాసులు తెచ్చి వరుస చెప్పాడు. ముందు తేలికైన లాగర్, తరువాత గోధుమ బీరు, తరువాత చేదుగా ఉండే ఐపీఏ (ఇండియా పేల్ ఏల్), చివర నల్లటి స్టౌట్. తేలిక నుంచి ఘాటుకు వెళ్లాలి, లేకపోతే స్టౌట్ తాగిన నాలుకకు లాగర్ నీళ్లలా ఉంటుందట.

లాగర్ మూత తిప్పితే ఊపిరి కూడా వదలలేదు. నురుగు లేదు. గ్లాసు అడుగున రెండు బుడగలు అంటుకుని ఉన్నాయి, అంతే. తమ్ముడు వాసన చూసి నవ్వాడు. “1516లో బవేరియా పాలకులు బీరులో బార్లీ, హాప్స్ అనే చేదు పువ్వులు, నీళ్లు తప్ప ఇంకేమీ వేయకూడదని ఆజ్ఞ వేశారు అన్నా. ఇందులో నాలుగోది వెనిగర్.”

గోధుమ బీరు సీసా అడుగు ఉబ్బి గుండ్రంగా అయిపోయింది, నేల మీద నిలబడటం లేదు. అప్పుడైనా ఆగాలి. నేను ఆగలేదు. మూత పావు వంతు తిప్పగానే బుస్సుమని మొత్తం పైకి లేచి పెదనాన్న తెల్ల పంచె మీద పడింది. గాజు సీసా అయి ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. సీసాలో మిగిలిన నాలుగు వేళ్ల బీరును బావ రెండు చేతులతో అందుకుని, కళ్లు మూసుకుని వాసన చూశాడు. “అరటిపండే” అన్నాడు. తమ్ముడి ముఖం వెలిగింది. “మాగబెట్టే గదిలో మూల పడి కుళ్లిన పండు” అని పూర్తి చేసి గ్లాసు కింద పెట్టాడు. అక్క వాసనతోనే సరిపెట్టుకుంది. ఐపీఏ, స్టౌట్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. రంగు వేరు, పులుపు ఒకటే. స్టౌట్‌లో రావలసిన కాఫీ గింజలు వేయించిన వాసన ఎంత వెతికినా లేదు. అది మామూలు బీరుకు రంగు కలిపిందేమోనని నా అనుమానం. రుజువు లేదు కనుక అనుమానంగానే వదిలేస్తున్నాను.

అమ్మినవాడికి ఫోను చేశాను. వాడి జవాబు వినండి, మీకూ ఇదే చెబుతాడు. “అది సోర్ స్టైల్ సార్, అలవాటు లేనివారికి అలాగే అనిపిస్తుంది.” పుల్లటి బీరు రకాలు నిజంగానే ఉన్నాయి, జర్మనీలో గోజె, బెర్లినర్ వైసె అలాంటివే. అందుకే ఈ అబద్ధం సగం మందిని నోరు మూయిస్తుంది. నేను అడిగింది వాటిని కాదు. పైగా నాలుగు పేర్లున్న నాలుగు సీసాలు ఒకే పులుపులో ఉంటే అది స్టైల్ కాదు, పాడైపోవడం. ప్రకటనలో వాడిన పేరుగల బ్రూవరీకి కూడా ఫోను చేశాను. అలాంటి ప్లాస్టిక్ సీసాల్లో తాము నింపబోమని, మధ్యవర్తులెవరికీ ఇవ్వలేదని చెప్పారు. సీసాల మీద అంటించిన చీటీలను మళ్లీ చూశాను, ఇంట్లో ప్రింటరు మీద తీసినవి. నింపిన తేదీ లేదు, ఆల్కహాలు శాతం లేదు. తడి వేలు తగిలితే సిరా అంటుకుంది.

మరి ఫిర్యాదు ఎందుకు చేయలేదని అడుగుతారు. వాడు నాకు అదే గుర్తు చేశాడు: “చేసుకోండి సార్, కొన్నది మీరే కదా.” మన రాష్ట్రంలో పన్ను కట్టని పక్క రాష్ట్రపు మద్యాన్ని తేవడం, దగ్గర ఉంచుకోవడం నేరం. జాతీయ రహదారి 44 మీద కొడికొండ చెక్‌పోస్టులో బండ్లు ఆపి వెతికేది దీనికోసం కూడా. సీసా మీద మన ఎక్సైజ్ శాఖ లేబులు లేదంటే అది పట్టుకున్న చేయి కూడా దోషే. ఈ సంగతి నాకు ముందు తెలియదని అబద్ధం చెప్పను. తెలుసు, నాలుగు సీసాలే కదా అని తేలికగా తీసుకున్నాను. వాడి వ్యాపారం నడిచేది సరిగ్గా ఈ లెక్క మీదే. మోసపోయినవాడు బయటికి చెప్పుకోలేడని వాడికి తెలుసు.

లైసెన్సు ఉన్న దుకాణంలో క్రాఫ్ట్ రకాలు కొనేవారికి కూడా రెండు మాటలు. తేదీ చూడకుండా డబ్బు ఇవ్వకండి. ఆల్కహాలు 10 శాతం లోపు ఉన్న పానీయం మీద తేదీ ఉండి తీరాలి, కాబట్టి బీరు మీద తప్పకుండా ఉంటుంది. ఐపీఏ అయితే గడువు తేదీ కంటే తయారైన తేదీ ముఖ్యం. హాప్స్ వాసన నెలలు గడిచేకొద్దీ ఎగిరిపోతుంది, ఆ వాసనకే కదా మనం అంత ధర పెట్టేది. వీధి వైపు అద్దం వెనుక ఎండలో అలంకరణకు పెట్టిన సీసాను తీసి ఇస్తే వద్దనండి, ముఖ్యంగా పచ్చ సీసా, తెల్ల సీసా. వెలుతురు తగిలితే హాప్స్‌లోని చేదు పదార్థం విరిగి ముక్కు మూసుకునేంత కంపు పుడుతుంది. గోధుమ రంగు సీసా దాన్ని చాలావరకు ఆపుతుంది. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే అది గాలి తగిలి పాతబడిన బీరు. గోధుమ బీరు మసకగా ఉంటే మాత్రం భయపడనక్కరలేదు, దాని తీరే అంత.

పోయిన శనివారం బావ, తమ్ముడు, నేను రైలెక్కి బెంగళూరు వెళ్లాం. బండి తీసుకెళ్లలేదు, ఎందుకో వేరే చెప్పాలా. అక్కడే కూర్చుని రుచి చూడటానికి ఇచ్చే చిన్న గ్లాసులు తెప్పించుకున్నాం. బావ గోధుమ బీరు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అక్కకు ఫోను చేసి, “ఉంది. పచ్చ అరటి కాదు, మాగినదే” అని మాత్రం చెప్పాడు.

ఆ మనిషి నా నంబరును బ్లాక్ చేశాడు. నిన్న మాత్రం తమ్ముడి ఫోనుకు మళ్లీ ప్రకటన వచ్చింది, ఈ ఆదివారం కొత్త స్టాకు అట. పేరు మార్చాడు, బ్రూవరీ మార్చాడు, ఫొటో మార్చలేదు. చెక్క బల్ల మీద నాలుగు సీసాలు, చుట్టూ ఐసు ముక్కలు, వెనుక గోడకు తెలుగు క్యాలెండరు. అందులో నెల ఇంకా జనవరి.