బెజవాడలో రొయ్యల వేపుడు పార్సిల్: ఏ కొట్టు మంచిదో పట్టుకునేదెలా
కైకలూరు, భీమవరం చెరువుల్లో పెంచే వనామీ రకం రొయ్య మనకు దగ్గరే కాబట్టి రొయ్య బాగోలేదంటే తప్పు చాలావరకు వంటవాడిదే. ఆర్డరు చెప్పాకే బాండీలో వేసే కొట్టునే నమ్మండి. 180 డిగ్రీల దగ్గర కాగిన నూనెలో మధ్యరకం రొయ్యకు 2-3 నిమిషాలు చాలు. కొడవలిలా వంగితే సరిగ్గా వేగినట్టు, సున్నాలా చుట్టుకుపోతే రబ్బరే. వీపు మీది నల్లనరం తీయకపోతే ఇసుక పంటికి తగులుతుంది. ఆ కొట్టుకు మళ్లీ వెళ్లక్కర్లేదు. పిండి పూత మందంగా ఉందా, లోపల రొయ్య చాలాసార్లు చిన్నదే.

బందరు రోడ్డు ట్రాఫిక్‌లో మూసిన డబ్బా 20 నిమిషాలుంటే ఆవిరికి కరకర పోతుంది. మూతకు చిల్లులు పెట్టించండి, ఉల్లిపాయ, నిమ్మచెక్క వేరే కవర్లో అడగండి. కరివేపాకు, పచ్చిమిర్చితో పొడిగా వేయించిందే ఇంటిదాకా నిలుస్తుంది. సాస్ కలిపింది అక్కడే వేడివేడిగా తినాలి.