పాత ఫాక్స్ డబుల్ బ్యారెల్: ఎనిమిది సీజన్ల తర్వాత

ఫాక్స్ కంపెనీ స్టెర్లింగ్‌వర్త్ మోడల్, 16 గేజ్ (గొట్టం లావు కొలత), 28 అంగుళాల గొట్టాలు, రెండు ట్రిగ్గర్లు. 1920లలో ఫిలడెల్ఫియాలో తయారైన తుపాకి. అమెరికాలో మిషిగన్‌లోని అప్పర్ పెనిన్సులా అడవుల్లో ఎనిమిది సీజన్లుగా గ్రౌజ్ అనే అడవి పిట్ట వేటకు దీన్నే తీసుకెళ్తున్నాను. మొదటి మూడు సీజన్ల లెక్క మాత్రం అడక్కండి.

మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట మాట ఎత్తేవాళ్లే లేరు కాబట్టి ఓ ముక్క చెప్పాలి. ఇక్కడ లైసెన్సు తీసుకుని, ఆరెంజ్ రంగు జాకెట్ వేసుకుని, సెప్టెంబర్ 15 నుంచి నవంబర్ 14 దాకా, మళ్లీ డిసెంబర్ 1 నుంచి జనవరి 1 దాకా వేటాడొచ్చు. ఈ ప్రాంతంలో రోజుకు 5 పిట్టలు పరిమితి. నేను ఎన్నడూ ఆ పరిమితి దరిదాపులకు వెళ్లలేదు.

రఫ్డ్ గ్రౌజ్ సుమారు అరకిలో పైన ఉంటుంది. నరికాక మళ్లీ మొలిచిన ఆస్పెన్ చెట్ల గుబురుల్లో నక్కి ఉంటుంది. కాలి కింది నుంచి దడదడమని లేచి, గుండె ఆగినంత పని చేసి, క్షణంలో చెట్ల మాటుకు జారుకుంటుంది. గురి చూసే టైమ్ ఉండదు. కళ్లు పిట్ట మీద ఉండగానే తుపాకి భుజానికి రావాలి, వేలు నొక్కాలి. అంటే గురి చూసే పని మీరు చేయరు, తుపాకి మడమ, అంటే భుజానికి ఆనే వెనక కర్ర, చేయాలి. ఈ ముక్క నాకు అర్థం కావడానికి మూడేళ్లు పట్టింది.

తప్పంతా నాదేననుకున్నాను. వారాంతాల్లో మట్టి పిట్టల (సాధన కోసం గాల్లోకి విసిరే మట్టి బిళ్లల) మీద డబ్బాల కొద్దీ తూటాలు కాల్చాను. అక్కడ తుపాకిని ముందే భుజాన పెట్టుకుని నింపాదిగా సర్దుకుంటాం కదా, బాగానే తగిలేవి. అడవిలో మళ్లీ మామూలే. పైగా సాయంత్రానికి కుడి దవడ ఎముక మీద నీలం మచ్చ. ఇంట్లో ఆమె "పిట్టలు నిన్ను కొడుతున్నాయా ఏంటి?" అని అడిగేది.

చివరికి తుపాకులు కొలతకు సరిచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన గొట్టాల మధ్య పట్టీ మీద ఒక స్కేలు ఆనించి, దాని నుంచి మడమ ఎంత కిందికి ఉందో కొలిచారు. చివర 3 అంగుళాలు. ఆ కాలపు అమెరికా తుపాకులు చాలావరకు ఇలాగే ఉంటాయి. తల నిటారుగా ఉంచి కాల్చే అలవాటుకు తగ్గట్టు చేసినవి. మనం ఈ రోజుల్లో చెంప ఆనించి కాలుస్తాం. ఆనించామా, కన్ను పట్టీ కన్నా కిందికి దిగిపోతుంది. ఎత్తామా, చెంపకు ఆధారం ఉండదు, కాల్చినప్పుడు కర్ర పైకి లేచి దవడకు తగులుతుంది. నీలం మచ్చ సంగతి అప్పుడు తెలిసింది.

తర్వాత 16 గజాల దూరంలో పెద్ద కాగితం కట్టి, మధ్యలో నల్ల చుక్క పెట్టి, చుక్కనే చూస్తూ తుపాకి ఎత్తగానే కాల్చమన్నారు. గురి చూస్తే ఒప్పుకోలేదు. ఎనిమిది తూటాల తర్వాత చూస్తే, తూటాలోంచి చెదిరే చిన్న చిన్న గుళ్ల గుంపు చుక్కకు 4 అంగుళాలు కింద, 3 అంగుళాలు ఎడమకు పడింది. లెక్క సింపుల్. కంటి నుంచి గొట్టం మూతికి దాదాపు ఒక గజం. కాబట్టి 16 గజాల్లో అంగుళం తేడా వస్తే చెంప దగ్గర అంగుళంలో 16వ వంతు మార్చాలి. నాకు కర్ర పావు అంగుళం పైకి రావాలి, అంగుళంలో 3/16 వంతు కుడికి వంగాలి. నిజం చెప్పొద్దూ, అంత చిన్న తేడాకు మూడేళ్లు పోయాయంటే నమ్మబుద్ధి కాలేదు.

కర్ర సన్నగా ఉండే చోట గుడ్డ చుట్టి, వేడి అవిసె నూనె పోస్తూ, బిగింపులో పెట్టి మెల్లగా వంచారు. వందేళ్ల వాల్‌నట్ చెక్క పగలొచ్చని ముందే చెప్పి, నాచేత ఒప్పుకుంటున్నట్టు రాయించుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. పగల్లేదు. మడమ చివర ఇప్పుడు 2½ అంగుళాలు.

ఆ తర్వాతి అక్టోబర్‌లో మొదటి రోజే రెండు పిట్టలు. మార్పు అంతా కర్ర వల్లే అనను, నాలో ధైర్యం కూడా వచ్చి ఉంటుంది. కానీ నీలం మచ్చ మళ్లీ పడలేదు.

ఇక తుపాకి విషయం. బరువు 6 పౌండ్లు దాటుతుంది, రోజంతా మోసినా చేతులు పీకవు. ముందు ట్రిగ్గర్ నొక్కితే కుడి గొట్టం, వెనకది నొక్కితే ఎడమ గొట్టం. కుడి గొట్టం గుళ్లు వెడల్పుగా పరుచుకుంటాయి, దగ్గర పిట్టకు అదే. చేతి తొడుగులతో రెండో ట్రిగ్గర్ వెతుక్కోవడం మాత్రం ఇప్పటికీ చిరాకే. తూటాలు వేయడానికి తుపాకిని మధ్యలో విరిచి తెరిచిన ప్రతిసారీ సేఫ్టీ (ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే మీట) దానంతటదే పడుతుంది. అది మర్చిపోయి ఎన్ని పిట్టలకు నమస్కారం పెట్టానో. కూలిన దుంగ దాటేటప్పుడు తెరిచి చేత్తో పట్టుకుంటే పక్కవాడికి కూడా నిశ్చింత.

తూటాల దగ్గరే తిప్పలు. అప్పటి 16 గేజ్ చాంబర్లు (గొట్టంలో తూటా కూర్చునే చోటు) నేటి 2¾ అంగుళాల తూటాలకన్నా పొట్టివి. నేను 2½ అంగుళాల తక్కువ ప్రెషర్ తూటాలే తెప్పించుకుంటాను, ఖరీదెక్కువ, ఊళ్లో షాపుల్లో దొరకవు. స్టీల్ గుళ్లు పొరపాటున కూడా వేయకూడదు. కొనేముందు గొట్టాల మందం కొలిపించండి. నాకు అమ్మినాయన "మీ కోసమే చేసినట్టుంది" అన్నాడు, కొలత టేపు తీయకుండానే.

గ్రౌజ్ రొమ్ము మాంసం ఇట్టే ఎండిపోతుంది, పెనం మీద రెండు నిమిషాలు చాలు. కాళ్లు మాత్రం నాటుకోడి పులుసు పద్ధతిలో. తినేటప్పుడు గుళ్లు చూసుకోవాలి, ఒకసారి పన్ను విరిగినంత పనైంది.

పోయిన సీజన్ చివర్లో గుళ్లు మళ్లీ కొంచెం కిందికి పడుతున్నట్టనిపించింది. వంచిన కర్ర కాలం గడిచేకొద్దీ కాస్త పాత వంపుకు తిరిగి పోతుందని పెద్దాయన ముందే చెప్పారు. ఆగస్టులో మళ్లీ కాగితం కట్టాలి.