పండుగ కానుకకు ఇంటి టాఫీ: వెన్న టాఫీయా, పల్లీ పట్టీయా, పాల టాఫీయా?

డిసెంబరు మూడో వారం నుంచి సంక్రాంతి దాకా హైదరాబాదులో గాలి పొడిగా ఉంటుంది, రాత్రుళ్ళు చల్లగా ఉంటాయి. ముదురు పాకంతో చేసే మిఠాయిలకు ఏడాది మొత్తంలో ఇంతకన్నా అనువైన కాలం లేదు. ఇదే టాఫీ జులైలో చేస్తే గంటలోనే చేతికి అంటుకుంటుంది. చక్కెర, బెల్లం రెండూ గాలిలోని తేమను లాగేసుకుంటాయి కదా. క్రిస్మస్‌కు పక్కింటికి పంపడానికైనా, సంక్రాంతికి ఊరు పట్టుకెళ్ళడానికైనా ఇంట్లో సులువుగా చేయగలిగినవి మూడున్నాయి: వెన్న టాఫీ, పల్లీ పట్టీ, కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసే మెత్తటి పాల టాఫీ.

మూడూ రుచిగానే ఉంటాయి. కానుక విషయంలో ముందు చూడాల్సింది రుచి కాదు, ఆ డబ్బా ఎక్కడ, ఎన్నాళ్ళకు, ఎవరు తెరుస్తారన్నది. ఊళ్ళోనే ఉన్నవాళ్ళకు వారంలోపు చేతికి అందించేదైతే వెన్న టాఫీకి సాటి లేదు. ఇమ్లీబన్‌లోనో జేబీఎస్‌లోనో బస్సెక్కి ఊరెళ్ళే డబ్బా అయితే పల్లీ పట్టీయే మేలు. గట్టివి నమలలేని పెద్దవాళ్ళున్న ఇంటికి పాల టాఫీ.

ముందు థర్మామీటరు సంగతి

విదేశీ వంటకాల్లో గట్టి టాఫీకి 149 నుంచి 154 డిగ్రీల సెల్సియస్ అని రాసి ఉంటుంది. అది సముద్రమట్టం దగ్గరి లెక్క. హైదరాబాదు సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్ళు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పాకానికీ అదే తేడా వర్తిస్తుంది. అంటే ఇక్కడ 147 దగ్గరే ఆ పాకం వచ్చేస్తుంది. వంటకు వాడే థర్మామీటరును (జ్వరం చూసేది కాదు) మరిగే నీళ్ళలో అడుగుకు తగలకుండా పెట్టి చూడండి. 97 చూపిస్తే వంటకంలో రాసినదానికన్నా మూడు డిగ్రీలు తగ్గించుకోవాలి. ఎత్తు తేడా, పరికరం తేడా రెండూ ఆ మూడు డిగ్రీల్లోనే వచ్చేస్తాయి. టాఫీ చివరి దశలో నాలుగైదు డిగ్రీలు దాటితే చేదెక్కుతుంది కాబట్టి ఈ పరీక్ష మానొద్దు.

వెన్న టాఫీ

కొలతలు: ఉప్పు వెన్న 250 గ్రాములు, చక్కెర 250 గ్రాములు, నీళ్ళు 2 టేబుల్ స్పూన్లు, లిక్విడ్ గ్లూకోజ్ (చక్కెర పలుకు కట్టకుండా ఆపే చిక్కటి జిగురు పాకం) 1 టేబుల్ స్పూను, వేయించిన జీడిపప్పు లేదా బాదం పలుకులు 100 గ్రాములు, డార్క్ కాంపౌండ్ చాక్లెట్ (కోకో వెన్న బదులు వేరే కొవ్వుతో చేసేది) 150 గ్రాములు. దాదాపు 700 గ్రాముల టాఫీ వస్తుంది, పావుకిలో డబ్బాలు మూడింటికి కాస్త తక్కువ. గ్లూకోజ్, బటర్ పేపర్, డబ్బాలు బేగంబజారులో ఒకే చోట దొరుకుతాయి.

వెన్న, చక్కెర తూకంలో సమానంగా ఉండాలి. కప్పు కొలతలతో చేస్తే ఇక్కడే తప్పుతుంది. దుకాణంలో కొన్న వెన్నే వాడండి. ఇంట్లో చిలికిన వెన్నలో నీరు ఎంతుందో తెలియదు. నెయ్యి అయితే అసలు పనికిరాదు. వెన్నలో ఉండే నీరు, పాల పదార్థమే చక్కెరనూ కొవ్వునూ కలిపి పట్టి ఉంచుతాయి. నెయ్యిలో అవి లేవు కనుక పాకం ఒకవైపు, నెయ్యి ఒకవైపు తేలతాయి.

గిన్నె అడుగు మందంగా ఉండాలి, లోపల తెల్లగా మెరిసే స్టీలుదైతే మంచిది. నల్లటి నాన్‌స్టిక్‌లో పాకం రంగు తెలియదు. సన్న మంట మీద వెన్న కరిగించి చక్కెర, నీళ్ళు, గ్లూకోజ్ వేసి, పలుకు లేకుండా కరిగేదాకా కలపండి. తర్వాత మధ్యస్థ మంట. చెక్క గరిటెతో తొందర లేకుండా, ఆపకుండా, అడుగంతా తగిలేలా తిప్పుతూ ఉండాలి. మొదట్లో నీరు ఆవిరవుతుంటుంది కాబట్టి వేడి చాలాసేపు ఒకచోటే ఆగినట్టుంటుంది. అక్కడ విసుగొచ్చి మంట పెంచితే పని చెడుతుంది. 130 దాటాక పరుగే, అప్పుడు చూపు పక్కకు తిప్పకూడదు. మొత్తం 12 నుంచి 15 నిమిషాలు పడుతుంది. బాదం పొట్టు రంగు రాగానే, 147 దగ్గర, దించేయాలి.

అందరినీ భయపెట్టేది వెన్న విడిపోవడం. పాకం పైన నూనె తేరుకుని, కింద ముద్ద కట్టుకుంటుంది. మంట ఒక్కసారిగా పెంచినా తగ్గించినా, కలపడం ఆపినా, గిన్నె అడుగు పల్చగా ఉన్నా అలా అవుతుంది. కనిపించగానే మంట తగ్గించి, ఒక టేబుల్ స్పూను మరిగే నీళ్ళు దూరం నుంచి జాగ్రత్తగా పోసి కలుపుతూ ఉండండి. చాలాసార్లు మళ్ళీ కలుస్తుంది. నీళ్ళు పడగానే పాకం ఎగసి చిమ్ముతుంది, ఆ వేడికి చర్మం ఊడొస్తుంది. అందుకే పొడవు పిడి గరిటె వాడండి, పక్కన చల్లటి నీళ్ళ గిన్నె పెట్టుకోండి, పిల్లల్ని వంటింట్లోకి రానివ్వకండి.

బటర్ పేపర్ పరిచిన 9 అంగుళాల పళ్ళెంలో ఒక్క ఊపున పోయాలి. గిన్నె అడుగున అంటుకున్నది గీకి కలపొద్దు. అందులో చక్కెర పలుకు ఉంటే టాఫీ మొత్తం ఇసుకలా గరగరలాడుతుంది. మూడు నిమిషాలాగి తరిగిన చాక్లెట్ చల్లి, మరో మూడు నిమిషాలకు స్పూను వెనకతో పరిచి, పలుకులు అద్దండి. కాంపౌండ్ చాక్లెట్ రుచిలో అసలు చాక్లెట్‌కు తీసికట్టే, కానీ కానుకకు అదే నయం. అసలు చాక్లెట్‌ను టెంపరింగ్ (కరిగించి, సరైన వేడికి చల్లార్చి వాడడం) చేయకుండా వేస్తే రెండు రోజుల్లో పైన తెల్లటి చారలు తేలతాయి.

ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు. బయటికి తీయగానే చెమట పట్టి టాఫీ జిగురవుతుంది. బయటే రెండు గంటలుంచి, ముక్కలుగా విరగ్గొట్టి వెంటనే గాలి చొరని డబ్బాలో పెట్టేయాలి.

పల్లీ పట్టీ

వేయించి పొట్టు తీసి బద్దలు చేసిన పల్లీలు 250 గ్రాములు, బెల్లం 250 గ్రాములు, నీళ్ళు 3 టేబుల్ స్పూన్లు, నెయ్యి ఒక టీస్పూను. ఖర్చు వెన్న టాఫీతో పోలిస్తే చాలా తక్కువ. థర్మామీటరు అక్కర్లేదు, గిన్నెడు చల్లటి నీళ్ళు చాలు.

ఇందులో గెలుపోటములు బెల్లం చేతిలో ఉన్నాయి. చేత్తో నొక్కితే మెత్తగా దిగే బెల్లంలో తేమ, గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఎక్కువ. దానితో ఎంత ముదురు పాకం పట్టినా మర్నాటికి సాగుతుంది. కొడితే పొడిగా పగిలే లేత రంగు గట్టి బెల్లం అడిగి తీసుకోండి. కరిగించి వడకట్టి ఇసుక తీసేసి, మధ్యస్థ మంట మీద ఆరేడు నిమిషాలు ఉడికించాలి. నీళ్ళలో వేసిన చుక్క మెత్తటి ఉండైతే అది అరిసెల పాకం, ఇంకా కావాలి. సాగితే ఇంకాస్త. తీసి విరిస్తే టప్పున విరగాలి, గిన్నెకేసి కొడితే ఠంగున మోగాలి. అప్పుడు మంట ఆపి, నెయ్యి, పల్లీలు వేసి కలిపి, నెయ్యి రాసిన పీట మీద పోసి అప్పడాల కర్రతో వెంటనే ఒత్తేయాలి. నిమిషం ఆలస్యమైతే కర్ర కిందే పగుళ్ళిస్తుంది. వేడి ఉండగానే కత్తితో గీతలు పెట్టండి. పల్లీలు కూడా గోరువెచ్చగా ఉంటే పాకం త్వరగా బిగుసుకోదు.

బస్సు డిక్కీ వేడికి చాక్లెట్ కరిగి డబ్బాకు అంటుకుంటుంది. పట్టీకి ఆ బాధ లేదు. కోస్తా వైపు వెళ్ళేదైతే అక్కడి ఉక్కకు బెల్లం చెమర్చడం ఖాయం కనుక ముక్క ముక్కనూ విడిగా ప్లాస్టిక్ కవరులో చుట్టాలి. ఒక్క డబ్బాలో అన్నీ పెడితే మూత తీసిన ప్రతిసారీ తేమ చేరుతుంది. అలా చుట్టిన పట్టీ మూడు వారాలు కరకరలాడుతుంది. ఆ తర్వాత చెడేది పాకం కాదు, పల్లీల నూనె కమురు వాసన వస్తుంది. పల్లీలు పడని పిల్లలున్న ఇళ్ళు ఉంటాయి కాబట్టి డబ్బా మీద పెద్దక్షరాలతో రాయడం మరవొద్దు. జీడిపప్పు వేసిన టాఫీకీ ఇదే మాట.

పాల టాఫీ

చక్కెర 200, వెన్న 100, లిక్విడ్ గ్లూకోజ్ 100 గ్రాములు, నీళ్ళు పావు కప్పు కలిపి కరిగించి, 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ పోసి సన్న మంట మీద 20 నుంచి 25 నిమిషాలు కలుపుతూ ఉండాలి. 118 అని రాసి ఉంటే హైదరాబాదులో 116 దగ్గర దించాలి. నీళ్ళలో వేస్తే గట్టిగా, అయినా నొక్కుకునే ఉండ రావాలి. రెండు డిగ్రీలు తక్కువైతే ఆకారం నిలవదు, నాలుగు ఎక్కువైతే పళ్ళకు పట్టేస్తుంది. చెయ్యి ఆగితే అడుగంటి నల్లటి నలకలు తేలతాయి. చక్కెర బదులు బెల్లం వేద్దామనుకుంటే పాలు విరిగే ప్రమాదం ఉంది.

వంట కన్నా చుట్టడమే పెద్ద పని. రాత్రంతా ఆరనిచ్చి, నూనె రాసిన కత్తితో కోసి, దాదాపు 60 ముక్కలను ఒక్కొక్కటిగా బటర్ పేపర్‌లో చుట్టాలి. చుట్టకపోతే తెల్లారేసరికి అన్నీ ఒకే ముద్ద. పది పన్నెండు ఇళ్ళకు పంచేవాళ్ళకు ఇంత పని గిట్టుబాటు కాదు. కానీ దవడ నొప్పితో పట్టీ పక్కన పెట్టేసే తాతయ్యకు, అమ్మమ్మకు ఇది పంపితే వాళ్ళూ తింటారు, అందుకు ఆ శ్రమ పడవచ్చు. రెండు వారాల్లోపు తినేయమని చెప్పి ఇవ్వండి.

మూడింటిలో ఏది చేసినా గిన్నెకు అంటుకున్న పాకాన్ని గీకకండి. నిండా నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి మరిగిస్తే దానంతటదే కరిగిపోతుంది. వెన్న టాఫీ గిన్నెలో మిగిలే జిడ్డు మాత్రం నీళ్ళు చల్లారాక పైన గడ్డ కడుతుంది. దాన్ని తీసి చెత్తబుట్టలో వేయాలి, సింకులో పోస్తే గొట్టం మూసుకుపోతుంది.